ఒక్క వరుస కమాండ్‌లో దాగిన నిర్ణయాలు



ఈ పూట ఒకే ఒక్క వరుస గురించి మాట్లాడుకుందాం. కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి కొట్టే కమాండ్ అది. ముందు చదివి వినిపిస్తాను, నిదానంగా వినండి. ‘మ్యాజిక్, ఫోటో డాట్ జేపీజీ, ఆటో ఓరియంట్, రీసైజ్ 200 ఇంటూ 230 టోపీ గుర్తు, గ్రావిటీ సెంటర్, ఎక్స్‌టెంట్ 200 ఇంటూ 230, స్ట్రిప్, డిఫైన్ జేపెగ్ ఎక్స్‌టెంట్ 50 కేబీ, కొత్త ఫోటో డాట్ జేపీజీ.’

ఇంతే. ఎంటర్ నొక్కగానే ఫోన్‌లో తీసిన పెద్ద ఫోటో కాస్తా దరఖాస్తుకు సరిపోయే చిన్న ఫోటో అయిపోతుంది. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టినవాళ్లకు ఈ అంకెలు కొత్త కాదు. వెడల్పు 200 పిక్సెళ్లు, ఎత్తు 230 పిక్సెళ్లు, ఫైలు సైజు 20 నుంచి 50 కిలోబైట్ల మధ్య. దరఖాస్తుల చివరి వారంలో ఏ ఊరి నెట్ సెంటర్‌కు వెళ్లినా ఈ కొలతల మాట చెవిన పడుతూనే ఉంటుంది.

అలాంటి నెట్ సెంటర్ నడిపే ఒక తమ్ముడు ఈ మధ్య అడిగాడు. ‘అన్నా, ఈ కమాండ్ నాకు బాగా పనిచేస్తోంది. కానీ ఒక్కొక్క ఫోటోకీ కూర్చుని టైపు చేయాలంటే అవటం లేదు. పిల్లలే ఫోటో ఎక్కిస్తే తయారై వచ్చేసేలా చిన్న ప్రోగ్రామ్ రాసుకుంటున్నా. పైథాన్‌లో దీనికి సరిపోయే వరుస ఏదో చెప్పవా’ అన్నాడు. అతనికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

సరిపోయే వరుస అంటూ ఒకటి లేదు. ఆ కమాండ్‌లో మనం రాసింది కొంత. రాయకపోయినా ఆ పనిముట్టు మన తరఫున తేల్చేసింది అంతకంటే చాలా ఎక్కువ. ఆ తేల్చినవన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీసి, మనమే మళ్లీ తేల్చుకుని రాస్తేనే అది కోడ్ అవుతుంది. ఈ పని ఓపికగా చేసినవాళ్ల ప్రోగ్రామ్ ఎవరి ఫోటో వచ్చినా తట్టుకుంటుంది. ఆ పని చేయని ప్రోగ్రామ్ మొదటి వంద ఫోటోలకు బాగానే ఉండి, నూట ఒకటో ఫోటో దగ్గర ఒక పిల్లవాడి దరఖాస్తును పాడుచేస్తుంది.

ముందుగా ఆ పనిముట్టు సంగతి నాలుగు ముక్కల్లో. దాని పేరు ఇమేజ్‌మ్యాజిక్. అమెరికాలో డూపాంట్ అనే రసాయన కంపెనీలో పనిచేస్తున్న జాన్ క్రిస్టీ 1987లో దీనికి పునాది వేశారు. అప్పటి కంప్యూటర్ తెరలు ఒకేసారి 256 రంగులే చూపించగలిగేవి. చిత్రాల్లో మాత్రం కోటీ 60 లక్షలకు పైగా రంగులకు చోటుండేది. అన్ని రంగుల చిత్రాన్ని ఆ కొద్ది రంగుల తెర మీద చూడదగ్గట్టు చూపించాలన్న అవసరంలోంచి ఇది పుట్టింది. 1990 ఆగస్టు 1న దీన్ని అందరికీ ఉచితంగా విడుదల చేశారు. మూడు దశాబ్దాలు దాటినా ప్రపంచమంతా వాడుతూనే ఉంది. పాత పాఠాల్లో ఈ కమాండ్ ‘కన్వర్ట్’ అనే మాటతో మొదలవుతుంది. 2016లో వచ్చిన ఏడో వెర్షన్ నుంచి ‘మ్యాజిక్’ అనే మాటే వాడమంటున్నారు. విండోస్‌లో కన్వర్ట్ పేరుతో ఎప్పటి నుంచో వేరే ప్రోగ్రామ్ ఉంది. డిస్కును ఒక ఫైల్ సిస్టమ్ నుంచి ఇంకో ఫైల్ సిస్టమ్‌కు మార్చడం దాని పని. అందుకే పాత పాఠం చూసి విండోస్‌లో కన్వర్ట్ అని కొడితే ఫోటోతో సంబంధం లేని జవాబు రావచ్చు.

ఈ కమాండ్‌ను ప్రోగ్రామ్‌లోకి తేవడానికి రెండు దారులున్నాయి. మొదటిది, ప్రోగ్రామ్ లోపలి నుంచే ఆ కమాండ్‌ను ఉన్నదున్నట్టు పిలవడం. రెండోది, బొమ్మల పనికి ఉన్న లైబ్రరీని వాడి, ఒక్కో మెట్టునూ కోడ్‌గా రాయడం. పైథాన్‌లో అందరికీ తెలిసిన లైబ్రరీ పిల్లో. 1995లో ఫ్రెడ్రిక్ లుండ్ మొదలుపెట్టిన పిల్ అనే లైబ్రరీకి వారసురాలు అది. ఇమేజ్‌మ్యాజిక్ లైబ్రరీనే నేరుగా వాడుకోవాలంటే పైథాన్‌లో వాండ్ ఉంది, పీహెచ్‌పీలో ఇమాజిక్ ఉంది, రూబీలో ఆర్‌మ్యాజిక్ ఉంది. మనం ఈ పూట ఎక్కువగా పిల్లో దారిలో నడుద్దాం. అక్కడే దాగిన నిర్ణయాలు బాగా బయటపడతాయి.

మొదటి మాట ఆటో ఓరియంట్ నుంచి మొదలుపెడదాం. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని ఫోటో తీస్తాం. చాలా ఫోన్లు ఆ పిక్సెళ్లను అడ్డంగానే దాచి, ‘చూపించేటప్పుడు ఇటు తిప్పండి’ అని ఫైలులో ఒక చిన్న సూచన రాసిపెడతాయి. ఆ సూచన ఎగ్జిఫ్ అనే సమాచారంలో ఉంటుంది. ఫోటో చూపించే యాప్ ఆ సూచన చదివి తిప్పి చూపిస్తుంది కాబట్టి మనకు నిటారుగా కనిపిస్తుంది. పిల్లోలో ఫోటో తెరిచి, మామూలుగా జేపెగ్‌గా సేవ్ చేస్తే ఎగ్జిఫ్ సమాచారం కొత్త ఫైలులోకి దానంతట అది రాదు. పిక్సెళ్లు అడ్డంగానే ఉండిపోతాయి, సూచన పోతుంది. కాబట్టి మనిషి పక్కకు పడుకున్నట్టు వస్తాడు. ఇమేజ్‌మ్యాజిక్‌లోనూ ఆటో ఓరియంట్ మరిచి స్ట్రిప్ ఒక్కటే పెడితే జరిగేది ఇదే. పిల్లోలో దీనికి ‘ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్’ అనే ఫంక్షన్ ఉంది. ఫైలు తెరవగానే చేయవలసిన మొదటి పని అది. వెడల్పు ఎంత, ఎత్తు ఎంత అనే లెక్క ఫోటో నిటారుగా నిలబడ్డాకే మొదలవ్వాలి.

తిప్పడం అన్నాను కాబట్టి ఇంకో సంగతి. ఇమేజ్‌మ్యాజిక్‌లో రొటేట్ 90 అంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. పిల్లోలో రొటేట్ 90 అంటే దానికి ఎదురు వైపు తిరుగుతుంది. పైగా ఇమేజ్‌మ్యాజిక్ తిప్పిన బొమ్మ మొత్తం పట్టేలా కాన్వాసును తానే పెంచుతుంది. పిల్లోలో ‘ఎక్స్‌పాండ్’ అని విడిగా చెప్పకపోతే పాత కొలతలే ఉంచి అంచులు కోసేస్తుంది. మాట అదే, అంకె అదే, ఫలితం వేరు. రెండు వైపులా ఒకే పేరు కనిపించిన చోట ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు గుండెకాయ లాంటి మెట్టు, రీసైజ్. ఒక ఫోన్ ఫోటో తీసుకుందాం: వెడల్పు 3000 పిక్సెళ్లు, ఎత్తు 4000. మనకు కావలసింది 200 ఇంటూ 230. ఇమేజ్‌మ్యాజిక్‌లో ఏ గుర్తూ లేకుండా రీసైజ్ 200 ఇంటూ 230 అంటే, ఆ పెట్టెలో పట్టేంత వరకు నిష్పత్తి చెడకుండా తగ్గిస్తుంది. ఎత్తు 230 అవుతుంది, వెడల్పు 173 దగ్గర ఆగుతుంది. 200 కాలేదు, కాబట్టి దరఖాస్తు కొలత తప్పింది. చివర ఆశ్చర్యార్థకం పెడితే నిష్పత్తిని పట్టించుకోకుండా 200 ఇంటూ 230కి సాగదీస్తుంది. మన లెక్కలో ముఖం దాదాపు 16 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. పరీక్ష హాల్లో హాల్ టికెట్ మీది ముఖాన్నీ ఎదురుగా ఉన్న ముఖాన్నీ పోల్చి చూసే చోట ఇది చిన్న విషయం కాదు. చివర టోపీ గుర్తు పెడితే పెట్టె నిండేంత వరకు మాత్రమే తగ్గిస్తుంది. వెడల్పు 200, ఎత్తు 267 వస్తాయి. అదనంగా మిగిలిన 37 వరుసల పిక్సెళ్లను తరువాత వచ్చే ఎక్స్‌టెంట్ కోసేస్తుంది.

చూశారా, ఒక్క గుర్తు మారితే మూడు వేర్వేరు ఫోటోలు. పిల్లోలో రీసైజ్ అనే ఫంక్షన్‌కు 200, 230 ఇస్తే అది ఆశ్చర్యార్థకం పెట్టినట్టు ప్రవర్తిస్తుంది, సాగదీస్తుంది. పేరు కలిసింది కదా అని దాన్నే వాడితే ముఖాలన్నీ వెడల్పవుతాయి. పెట్టెలో పట్టించాలంటే ‘కంటెయిన్’ వాడాలి. పెట్టెను నింపి మిగిలింది కోయాలంటే ‘ఫిట్’ వాడాలి. మన కమాండ్‌లోని టోపీ గుర్తు, గ్రావిటీ, ఎక్స్‌టెంట్ మూడూ కలిసి చేసే పనిని ఈ ఫిట్ ఒక్కటే చేస్తుంది. కమాండ్‌లో మూడు మాటలున్నాయి కదా అని కోడ్‌లోనూ మూడు వరుసలే ఉండాలని లేదు.

ఆ మూడింటిలో గ్రావిటీ మిగిలిన రెండింటిలాంటిది కాదు. రీసైజ్, ఎక్స్‌టెంట్ అనేవి పనులు; చెప్పిన వెంటనే బొమ్మ మీద జరిగిపోతాయి. గ్రావిటీ ఒక సెట్టింగ్. ఇంట్లో ఫ్యాన్ రెగ్యులేటర్‌ను ఒకసారి తిప్పి వదిలేస్తే మళ్లీ తిప్పేవరకు అదే వేగం కదా, అలాగే గ్రావిటీ సెంటర్ అని ఒకసారి చెబితే తరువాత వచ్చే ఎక్స్‌టెంట్‌కూ, క్రాప్‌కూ, అక్షరాలు రాసే యానొటేట్‌కూ అదే వర్తిస్తుంది. పొడవైన కమాండ్‌ను కోడ్‌గా మార్చేటప్పుడు ప్రతి పని దగ్గరా ఆగి, ఈ క్షణంలో ఏ సెట్టింగులు అమలులో ఉన్నాయని అడగాలి. ఎందుకంటే కోడ్‌లో ప్రతి ఫంక్షన్‌కూ ఆ విలువను మనమే అందించాలి.

కొన్ని సెట్టింగులు ఫైలు పేరు కంటే ముందే రావాలి. పీడీఎఫ్ పేజీని బొమ్మగా మార్చేటప్పుడు వాడే డెన్సిటీ 300 అలాంటిది. చదివాక చెబితే లాభం లేదు, అప్పటికే తక్కువ స్పష్టతతో చదివేసి ఉంటుంది. వాండ్‌లో అయితే బొమ్మను తెరిచేటప్పుడే రిజల్యూషన్ ఇవ్వాలి. పీహెచ్‌పీలో అయితే రీడ్ ఇమేజ్ కంటే ముందు సెట్ రిజల్యూషన్ పిలవాలి.

మళ్లీ మన ఫోటో దగ్గరికి వద్దాం. గ్రావిటీ సెంటర్ అంటే మిగిలిన 37 వరుసల్లో సగం పై నుంచి, సగం కింది నుంచి పోతాయి. తల మీద 18 వరుసలు పోతే కొందరి జుట్టు తెగుతుంది, తలపాగా ఉన్నవాళ్లకు అది తెగుతుంది. ఇమేజ్‌మ్యాజిక్ గ్రావిటీలో పైన, మధ్య, కింద అని తొమ్మిది స్థానాలే ఉన్నాయి. పిల్లో ఫిట్‌లో ‘సెంటరింగ్’ అని ఒక భిన్నం ఇవ్వవచ్చు. నిలువున 0.2 అని ఇస్తే పైన దాదాపు 7 వరుసలే పోయి, మిగతాది కింద చొక్కా దగ్గర పోతుంది. కమాండ్ నుంచి కోడ్‌కు మారడం వల్ల ఇలాంటి మేలు కూడా ఉంది. కమాండ్ ఒప్పించిన రాజీని కోడ్‌లో సరిదిద్దుకోవచ్చు.

తగ్గించే పద్ధతి కూడా ఒక నిర్ణయమే. 4000 వరుసల నుంచి 267 వరుసలకు దిగేటప్పుడు ఏ పిక్సెళ్లను ఎలా కలపాలి? మామూలు ఫోటోను తగ్గించేటప్పుడు ఇమేజ్‌మ్యాజిక్ మనం అడగకపోయినా లాంచోస్ అనే ఫిల్టర్ వాడుతుంది. పిల్లో అడగకపోతే బైక్యూబిక్ వాడుతుంది. దానికి లాంచోస్ కావాలని మనమే చెప్పాలి. ఓపెన్‌సీవీ అనే మరో లైబ్రరీ వాడేవాళ్లకు రెండు హెచ్చరికలు. అందులో డిఫాల్ట్ రీసైజ్‌తో పెద్ద ఫోటోను బాగా చిన్నది చేస్తే వెంట్రుకలు, కళ్లజోడు అంచులు మెట్లు మెట్లుగా వస్తాయి. తగ్గించడానికి ‘ఇంటర్ ఏరియా’ పద్ధతి వాడాలి. ఇక అందులో రంగుల వరుస నీలం, ఆకుపచ్చ, ఎరుపు. మిగతా చాలా లైబ్రరీలు ఎరుపుతో మొదలుపెడతాయి. అక్కడి బొమ్మను ఇక్కడికి ఉన్నదున్నట్టు అందిస్తే మనిషి నీలంగా మారిపోతాడు.

తరువాతి మాట స్ట్రిప్. అనవసర సమాచారం తీసేయమని దాని అర్థం. ఇది మంచి పని. ఫోన్ ఫోటోలో అది తీసిన చోటు కూడా నమోదై ఉండవచ్చు. ఒక ఆడపిల్ల ఇంటి ఆచూకీ ఆమె దరఖాస్తు ఫోటోతో పాటు ఊరంతా తిరగకూడదు. అయితే స్ట్రిప్ రంగుల ప్రొఫైల్‌ను కూడా తీసేస్తుంది. కొన్నేళ్లుగా ఐఫోన్లు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పద్ధతిలో ఫోటోలు తీస్తున్నాయి. ఆ అంకెలను ఎలా చదవాలో చెప్పేది ప్రొఫైలే. దాన్ని తీసేస్తే చూపించేవాళ్లు మామూలు ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదువుతారు. అప్పుడు రంగులు కాస్త వెలిసినట్టు వస్తాయి. కాబట్టి ముందు రంగులను ఎస్‌ఆర్‌జీబీకి మార్చి, ఆ తరువాతే ప్రొఫైల్ వదిలేయాలి. పిల్లోలో ‘ఇమేజ్ సీఎంఎస్’ అనే భాగం ఈ పని చేస్తుంది.

కమాండ్‌లో అసలు ప్రస్తావనే లేనిది ఒకటుంది, పారదర్శకత. బ్యాక్‌గ్రౌండ్ తీసేసే యాప్‌తో ఫోటో చేయించుకుని, పీఎన్‌జీ ఫైలు పట్టుకొచ్చేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. జేపెగ్‌లో పారదర్శకతకు చోటు లేదు. పిల్లో అయితే ఆ బొమ్మను జేపెగ్‌గా రాయనని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆ ఎర్రర్ పోగొట్టడానికి చాలామంది చప్పున ‘కన్వర్ట్ ఆర్‌జీబీ’ అని రాస్తారు. ఎర్రర్ పోతుంది. కానీ పారదర్శక భాగం కింద దాగి ఉన్న రంగు బయటికి వస్తుంది, అది చాలాసార్లు నలుపే. దరఖాస్తు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ అడిగితే మనం నల్లది పంపినట్టవుతుంది. సరైన పద్ధతి, తెల్లటి కొత్త బొమ్మ ఒకటి తయారుచేసి దాని మీద ఈ ఫోటోను అతికించడం. ఎర్రర్ రావడం ఇక్కడ మనకు మేలే చేసింది, ఒక నిర్ణయం మన కోసం ఎదురుచూస్తోందని చెప్పింది.

ఇప్పుడు చివరి మాట, జేపెగ్ ఎక్స్‌టెంట్ 50 కేబీ. ఫైలు 50 కిలోబైట్లు దాటకూడదని ఒక్క మాటలో చెప్పేశాం. ఇమేజ్‌మ్యాజిక్ లోపల ఏం చేస్తుందంటే, ఒక క్వాలిటీ అంకెతో రాసి చూస్తుంది. సైజు మించితే తగ్గిస్తుంది, మిగిలితే పెంచుతుంది, ప్రతిసారీ వెతికే పరిధిని సగం చేస్తూ పోతుంది. పిల్లోలో దీనికి ఒక్క మాట లేదు. ఆ వెతుకులాటను మనమే రాసుకోవాలి. క్వాలిటీ 1 నుంచి 95 దాకా తీసుకోండి. పిల్లో రాసినవాళ్లే 95 దాటవద్దంటారు. మధ్యలో ఉన్న అంకెతో, డిస్కు మీదకు కాకుండా మెమరీలోకి సేవ్ చేసి, ఎన్ని బైట్లు వచ్చాయో చూడండి. పరిమితి లోపల ఉంటే పై సగంలో వెతకండి, మించితే కింది సగంలో వెతకండి. 7 ప్రయత్నాల్లో పని అయిపోతుంది, ఎందుకంటే 2ను 7 సార్లు హెచ్చిస్తే 128, అది 95 కంటే ఎక్కువ. కమాండ్‌లో ఒక్క మాటగా ఉన్నది కోడ్‌లో ఒక లూప్ అయింది.

ఆ లూప్ రాసేటప్పుడే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. కిలోబైట్ అంటే 1000 బైట్లా, 1024 బైట్లా? దరఖాస్తు చేసే చోట ఏ లెక్క వాడారో మనకు చెప్పరు కాబట్టి పైపరిమితికి 50,000 బైట్లు పెట్టుకుంటే ఏ లెక్కకైనా లోబడతాం. రెండోది కింది పరిమితి, 20 కిలోబైట్లు. మన కమాండ్ దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు. 200 ఇంటూ 230 అంటే 46,000 పిక్సెళ్లే. మామూలు క్వాలిటీతో రాస్తే ఫైలు 20 కిలోబైట్ల కంటే చిన్నదైపోయి, ‘సైజు సరిపోదు’ అని తిరిగి రావచ్చు. దానికి కింది పరిమితిని 20,480 బైట్లు అనుకుంటే ఏ లెక్కకైనా నిలుస్తుంది. అందాకా క్వాలిటీ పెంచినా చేరకపోతే ప్రోగ్రామ్ ఆగి ఆ మాట మనిషికి చెప్పాలి. ఎలాగోలా నింపి పంపడం న్యాయం కాదు. అసలు ఫోటోయే 120 పిక్సెళ్ల వెడల్పుతో వస్తే కూడా అంతే. దాన్ని సాగదీసి మసక ముఖం ఇచ్చే కంటే, ‘ఇంకో ఫోటో తీసుకురండి’ అని అప్పుడే చెప్పడం మంచిది.

ఇక మొదటి దారి, అంటే ప్రోగ్రామ్ నుంచి కమాండ్‌నే పిలవడం. ఇదేమీ తక్కువ పని కాదు. వందల మెట్లున్న కమాండ్ ఇప్పటికే సరిగా పనిచేస్తుంటే, దాన్నే పిలవడం చాలాసార్లు తెలివైన పని. అయితే టెర్మినల్‌కు తన సొంత వ్యాకరణం ఉంటుంది. కమాండ్‌లో బ్రాకెట్లుంటే లైనక్స్‌లో వాటి ముందు వెనుకగీత పెడతాం, లేకపోతే టెర్మినల్‌లో కమాండ్లను చదివే షెల్ వాటిని తన సొంతమనుకుంటుంది. ప్రోగ్రామ్‌లో మాటలను జాబితాగా ఇచ్చి, షెల్ లేకుండా పిలిస్తే ఆ వెనుకగీతలు తీసేయాలి. ఉంచితే అవి కూడా ఇమేజ్‌మ్యాజిక్‌కు చేరిపోయి ఎర్రర్ వస్తుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ టోపీ గుర్తుకే వేరే అర్థం ఉంది. కోట్స్ లేకుండా రాస్తే ఆ గుర్తు మధ్యలోనే మాయమై, రీసైజ్ దగ్గర 200 రావలసిన వెడల్పు 173 వస్తుంది. ఒకే కమాండ్ ఒక మిత్రుడి దగ్గర పనిచేసి మన దగ్గర పనిచేయకపోతే ముందుగా చూడవలసింది ఇక్కడ.

ఫైలు పేరు ఇంకా పెద్ద విషయం. పిల్లలు ఎక్కించే ఫైలు పేరును కమాండ్ వాక్యంలో అతికించి షెల్‌కు అప్పగిస్తే, ఆ పేరులోనే ఇంకో కమాండ్ దాచి పంపవచ్చు. షెల్ దాన్ని కూడా నడిపేస్తుంది. అందుకే ఎప్పుడూ జాబితాగానే ఇవ్వాలి. ఫైలుకు మనమే కొత్త పేరు పెట్టుకోవాలి. 2016 మేలో ఇమేజ్‌ట్రాజిక్ అనే పేరుతో బయటపడిన లోపం ఇంకా లోతైనది. జేపీజీ అని పేరు పెట్టుకుని వచ్చిన ఫైలు లోపల వేరే రకం సూచనలుండేవి. వాటిని చదివేటప్పుడు ఇమేజ్‌మ్యాజిక్ తానే బయటి కమాండ్లను నడిపేలా మోసగించగలిగేవారు. ప్రపంచవ్యాప్తంగా వెబ్‌సైట్లు హడావిడిగా సరిదిద్దుకోవలసి వచ్చింది. అప్పటి నుంచి ‘పాలసీ’ ఫైలులో ఏ రకం ఫైళ్లు చదవవచ్చో ముందే కట్టడి చేయడం అందరికీ అలవాటైంది. పిల్లోలోనూ తెరిచేటప్పుడే ‘జేపెగ్, పీఎన్‌జీ తప్ప మరేదీ వద్దు’ అని చెప్పవచ్చు. చిన్న ఫైలులో కోట్ల పిక్సెళ్లు నింపి మెమరీని మింగేసే ఫైళ్లు కూడా ఉంటాయి. దాదాపు 9 కోట్ల పిక్సెళ్లు దాటితే పిల్లో హెచ్చరిస్తుంది, దానికి రెట్టింపు దాటితే తెరవనే తెరవదు. ఆ పరిమితిని తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. బయటివాళ్ల ఫైళ్లు తీసుకునే ప్రోగ్రామ్‌లో దయచేసి తీయవద్దు.

ఇప్పుడు మన తెలుగువాళ్లకే ప్రత్యేకంగా చెప్పవలసిన మెట్టు. కొన్ని దరఖాస్తుల్లో ఫోటో కింద పేరు, తేదీ ఉండాలంటారు. పాఠశాలలు సర్టిఫికెట్ల మీద పిల్లల పేర్లు తెలుగులోనే వేయాలనుకుంటాయి. ఇంగ్లిష్ పేరయితే ఏ లైబ్రరీ అయినా రాసేస్తుంది. తెలుగు అలా కాదు. ‘శ్రీనివాస్’ అనే పేరులో మొదటి అక్షరం ‘శ్రీ’ తీసుకోండి. మన కంటికి అది ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది నాలుగు ముక్కలు: శ, ఆ తరువాత పొల్లు గుర్తు, ఆ తరువాత ర, చివర దీర్ఘం. ఈ నాలుగింటినీ కలిపి, ర వత్తును సరైన చోట పెట్టి, గుడిదీర్ఘాన్ని శ మీదకు చేర్చే పని ఫాంటు ఒక్కటే చేయలేదు. హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్ చేయాలి. పిల్లో, ఇమేజ్‌మ్యాజిక్ రెండూ రాక్మ్ అనే చిన్న లైబ్రరీ ద్వారా దాన్ని వాడుకుంటాయి.

రాక్మ్ లేకపోతే ఏమవుతుంది? పిల్లో ఎర్రర్ ఇవ్వదు. నిశ్శబ్దంగా మామూలు పద్ధతికి దిగిపోతుంది. శ మీద పొల్లు, పక్కన ‘రీ’ విడిగా పడతాయి. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు, ఏ మంచి ఫాంటు పెట్టినా ఫలితం అదే. మన కంప్యూటర్‌లో బాగా వచ్చి, సర్వర్ మీద పెట్టాక వత్తులు విడిపోయాయంటే కారణం చాలావరకు ఇదే, అక్కడ రాక్మ్ లేదు. కాబట్టి ప్రోగ్రామ్ మొదలవగానే పిల్లోలోని ‘ఫీచర్స్’ ద్వారా రాక్మ్ ఉందో లేదో అడిగి, లేకపోతే అక్కడే ఆపేయండి. ఇమేజ్‌మ్యాజిక్‌లో అయితే వెర్షన్ అడిగినప్పుడు వచ్చే డెలిగేట్ల జాబితాలో రాక్మ్ పేరు కనిపించాలి. పేరు ఎంత పొడవు పడుతుందో అక్షరాలు లెక్కపెట్టి తేల్చవద్దు. శ్రీ కంప్యూటర్‌కు నాలుగు, మనకు ఒకటి. గీసిన మాట వెడల్పును పిక్సెళ్లలో కొలిచే ఫంక్షన్‌నే వాడండి. ఒక పిల్ల తన పేరు విరిగిపోయి ఉన్న సర్టిఫికెట్‌ను గోడకు తగిలించుకోకూడదు. ఆ బాధ్యత కోడ్ రాసేవాళ్లదే.

అంతా రాశాక సరిగా వచ్చిందని ఎలా తెలుస్తుంది? పాత కమాండ్ ఇచ్చిన ఫోటోనూ కొత్త కోడ్ ఇచ్చిన ఫోటోనూ పక్కపక్కన పెట్టండి. ఇమేజ్‌మ్యాజిక్‌లోనే ‘కంపేర్’ అనే పనిముట్టు ఉంది, రెండు బొమ్మల తేడాను అంకెల్లో చెబుతుంది. తేడా సున్నా రావాలని పట్టుబట్టకండి. ఫిల్టర్ వేరు, జేపెగ్ రాసే తీరు వేరు, కాబట్టి చిన్న తేడాలు సహజం. కానీ మనం కావాలని సరిదిద్దినవి తప్ప కొలతలు, నిలువు అడ్డం, రంగు, బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటి కూడా తేడా రాకూడదు.

పరీక్షించడానికి అందమైన ఫోటోలు ఎంచుకోకండి, ఇబ్బంది పెట్టేవే ఎంచుకోండి. అడ్డంగా దాచిన ఫోన్ ఫోటో ఒకటి. పారదర్శక పీఎన్‌జీ ఒకటి. ఐఫోన్ పీ3 ఫోటో ఒకటి. ఫోటో స్టూడియో ప్రింటింగ్ కోసం సీఎంవైకే రంగుల్లో ఇచ్చిన జేపెగ్ ఒకటి. పాత నలుపు తెలుపు స్కాన్ ఒకటి. సగంలో ఆగిపోయిన డౌన్‌లోడ్ ఒకటి. పిల్లో దాన్ని తెరిచినప్పుడు ఏమీ అనకపోవచ్చు, పిక్సెళ్లు చదివేటప్పుడే ఎర్రర్ ఇస్తుంది. ఐఫోన్లు వాడే హీక్ ఫైలు ఒకటి. పిల్లో విడిగా ప్లగిన్ లేకుండా దాన్ని చదవదు. ఇవన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, కోడ్ మార్చిన ప్రతిసారీ వాటి మీద నడపండి. చివరగా మీ కళ్లతో చూడండి. ముఖం సాగిందో లేదో అంకె కంటే కన్నే ముందు పట్టేస్తుంది.

నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి ఒక కారణం ఉంది. చేత్తో కమాండ్ కొట్టేటప్పుడు ఫలితాన్ని మనం చూస్తాం. ఫోటో పక్కకు పడితే వెంటనే సరిచేస్తాం. ప్రోగ్రామ్‌లోకి వెళ్లాక చూసేవాళ్లు ఉండరు. దరఖాస్తుకు చివరి రోజు రాత్రి, ఎక్కడో ఒక మండలంలో, ఫోన్ చేతిలో పట్టుకున్న అమ్మాయికి ‘మీ ఫోటో చెల్లదు’ అని వస్తే ఆమెకు కారణం తెలియదు, మనకు ఆమె తెలియదు. కమాండ్‌ను అప్పటిదాకా సరిచేస్తూ వచ్చింది మన చూపు. కోడ్‌లో ఆ చూపు ఉండాలంటే ముందుగానే రాసిపెట్టాలి.

కాబట్టి మీ దగ్గర రోజూ వాడే కమాండ్ ఉంటే ఇలా చేయండి. దాన్ని ఒక కాగితం మీద రాసుకోండి. ప్రతి మాట పక్కన రెండు విషయాలు రాయండి: ఇది ఏం చేస్తోంది, చెప్పకుండా ఇంకేం తేల్చేస్తోంది. తెలియని చోట డాక్యుమెంటేషన్ తెరిచి చూడండి, ఇమేజ్‌మ్యాజిక్‌కూ పిల్లోకూ చాలా మంచి డాక్యుమెంటేషన్ ఉంది. ఆ కాగితం నిండాకే కోడ్ మొదలుపెట్టండి. ఆ రెండో గడిలో రాసినవన్నీ కోడ్‌లో వ్యాఖ్యలుగా, వీలైతే తెలుగులోనే ఉంచండి. ‘తలపాగా తెగకుండా 0.2’, ‘పీఎన్‌జీ కింద తెలుపు’, ‘రాక్మ్ లేకపోతే ఆపు’ అని. రేపు ఆ కోడ్‌ను ఇంకొకరు పట్టుకుంటారు. ఆ అంకెలు ఎందుకున్నాయో తెలిస్తే వాటిని చెరపరు, తమ ఊరి అవసరానికి తగ్గట్టు సరిచేసుకుంటారు.